అందరం ఒకే రోజు మందు మింగాం: గజ్జి, పేల నుంచి బయటపడిన నా అనుభవం

మా ఇంట్లో గోకుడు మొదలైంది ఆగస్టు చివర్లో. పూర్తిగా ఆగింది మార్చి రెండో వారంలో. ఆ ఆరు నెలల్లో మేం చేయని ప్రయత్నం లేదు. చివరికి పని చేసింది మాత్రం మా ఒక్క ఇంటి ప్రయత్నం కాదు, మా వాడంతా ఒకే రోజు మందు వేసుకోవడం. మీ దగ్గర కూడా అలా మందు ఇస్తారని కబురు వస్తే "మాకేం లేదుగా, మాకెందుకు" అని తలుపు వేసుకోకముందే ఇది చదవాలని రాస్తున్నాను.

ముందు వచ్చింది మా బాబుకి. రెండేళ్లవాడు. పగలంతా బాగానే ఆడుకునేవాడు. రాత్రి లైటు తీసేసిన అరగంటకి మొదలయ్యేది. నిద్రలోనే ఒక పాదాన్ని ఇంకో పాదంతో బరబరా రుద్దుకునేవాడు. చీకట్లో ఆ శబ్దం వింటూ పడుకోవడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున చూస్తే అరికాళ్ల మీద, చీలమండల చుట్టూ ఎర్రటి పొక్కులు. దోమలు కుట్టాయనుకున్నాను. తర్వాత చెమటకాయలనుకున్నాను. సబ్బు మార్చాను, పౌడరు మార్చాను.

నెల తిరిగేసరికి నాకూ మొదలైంది. వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలి వైపు, నడుము చుట్టూ. తర్వాత తొమ్మిదేళ్ల మా పాపకి, ఆపైన మా ఆయనకి. అత్తయ్య కూడా బొడ్డు చుట్టూ గోక్కుంటున్నారని నాకు చాలా రోజుల దాకా తెలియదు. చెప్పడానికి ఆవిడకి సిగ్గేసింది.

అక్టోబరు 3న డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్కడ జరిగింది నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. డాక్టరు నా మణికట్టు మీద పెన్ను సిరా రాసి, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచేశారు. చుట్టూ సిరా అంతా పోయింది. ఒక్కచోట మాత్రం సన్నటి నీలం గీత మిగిలిపోయింది. అర సెంటీమీటరు ఉంటుందేమో, కొంచెం వంకరగా, నిద్రమత్తులో ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు. "ఇదేనమ్మా, పురుగు తవ్వుకున్న సొరంగం. గుడ్లు పెట్టుకుంటూ పోతుంది. రోజుకి రెండో మూడో పెడుతుంది" అన్నారు. గజ్జి అని పేరు చెప్పారు. ఆ మాట చెవిన పడగానే నా ముఖం మాడిపోయింది. రోజూ రెండు పూటలా స్నానం చేసే ఇల్లు మాది. మాకు గజ్జి ఏంటి అని అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు నన్ను చూసి, స్నానానికీ దీనికీ సంబంధం లేదనీ, చర్మానికి చర్మం కాసేపు ఆనుకుని ఉంటే చాలనీ, అందుకే పిల్లల్ని ఎత్తుకునే ఇళ్లలో ముందు వస్తుందనీ చెప్పారు. తలాడించాను గానీ ఆ రోజు నమ్మలేదు.

ఇంకో మాట కూడా చెప్పారు. మొదటిసారి వచ్చినప్పుడు పురుగు ఒంట్లో చేరిన నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురద తెలియదట. అంటే బాబుకి దురద మొదలయ్యే నాటికే మా అందరికీ అంటుకుని ఉండొచ్చు. అందుకని దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాసుకోవాలి, వారం తర్వాత మళ్లీ రాసుకోవాలి. మెడ నుంచి కాలి గోళ్ల దాకా. చిన్నపిల్లలకైతే తలకీ, చెవుల వెనకా కూడా.

రాసుకోవడం మొదలుపెడితే గానీ తెలియలేదు, ఐదుగురికి ఎన్ని ట్యూబులు పడతాయో. వీపు మీద ఒకరికొకరు రాసుకోవాలి. అత్తయ్య ఒప్పుకోవడానికే గంట పట్టింది. నేను చేసిన తప్పు కూడా చెబుతాను. క్రీము రాసుకున్నాక బాబుకి డయపర్ మార్చాను, చేతులు కడుక్కున్నాను, మళ్లీ చేతులకి రాసుకోలేదు. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఒంటి మీద ఉండాల్సిన మందు, పురుగు ఎక్కువగా ఉండే వేళ్ల సందుల్లోనే లేకుండా పోయింది. రెండోసారి మాత్రం జాగ్రత్తపడ్డాను, గోళ్ల కింద కూడా పెట్టుకున్నాం.

అక్టోబరు నెలాఖరుకి తగ్గింది. ఆ రోజుల్లో పట్టినంత నిద్ర జీవితంలో ఎప్పుడూ పట్టలేదు. నవంబరు 14న మళ్లీ బాబు పాదాలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. రెండు రోజులు తిరక్కుండానే మా అందరికీ దురద వచ్చేసింది. ఈసారి నెల ఆగలేదు. ఒకసారి పరిచయమైన ఒళ్లు రెండోసారి వెంటనే గుర్తుపడుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు అనిపించింది ఒక్కటే: ఇంత చేసీ ఇంతేనా అని.

అదే నెలలో పాపని బడి నుంచి మధ్యాహ్నమే పంపించేశారు. తలలో పేలున్నాయని. అందరి ముందూ చెప్పారట. వీధి మలుపు దాకా ఏడుస్తూనే వచ్చింది. జడ విప్పి చూస్తే చెవుల వెనకా, మెడ దగ్గరా ఈపులు, అంటే పేల గుడ్లు, బారులు తీరి ఉన్నాయి. షాంపూ మందులు రెండు రకాలు వాడాను. వాడిన రోజు చచ్చినట్టే ఉండేవి, పది రోజులకి మళ్లీ పాకేవి. పేల దువ్వెనతో గంటన్నర దువ్వితే తెల్లగుడ్డ మీద ముప్పై నలభై రాలేవి. పాప మెడ నొప్పితో ఏడ్చేది, నేను కోపంతో ఏడ్చేదాన్ని. ఒకరోజు జుట్టు పూర్తిగా కత్తిరించేద్దామని కత్తెర తీశాను కూడా. అత్తయ్య వచ్చి చేతిలోంచి లాక్కున్నారు.

డిసెంబరు 11న ఆరోగ్య బృందం ఇంటింటికీ వచ్చింది. పిల్లల చేతులు, పాదాలు, తలలు చూసి రాసుకున్నారు. మా తలుపు కొట్టినప్పుడు అబద్ధం చెబుదామనుకున్నాను. పాప ముందుకొచ్చి తనే చెయ్యి చాపింది. మూడు రోజుల తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే, మా వాడలో చూసినవాళ్లలో పదిమందికి ఒకరి కంటే ఎక్కువ మందికి గజ్జి ఉంది. మాకొక్కరికే అనుకుని మూడు నెలలకి పైగా నేను తలుపులు మూసుకుని గోక్కుంటే, పక్కింట్లోనూ, ఆ పక్కింట్లోనూ అలాగే తలుపులు మూసుకుని గోక్కుంటున్నారన్నమాట. ఆ రోజు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. అలా ఊరట కలిగినందుకు కాసేపు తప్పుగా కూడా అనిపించింది.

మందు రావడానికి మాత్రం దాదాపు రెండు నెలలు పట్టింది. ఈ వెయిటింగ్ గురించి ఎవరూ ముందు చెప్పలేదు. ఈలోగా బాబు కాళ్ల మీద గోకిన చోట చీము పట్టింది. డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చి, పుండ్లలో చేరే బ్యాక్టీరియా వల్ల ఒక్కోసారి మూత్రపిండాలకి వాపు వస్తుందనీ, ముఖం ఉబ్బినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే తీసుకురమ్మనీ చెప్పారు. ఆ తర్వాత మూడు వారాలు పొద్దున లేవగానే బాబు కనురెప్పలు చూడటమే నా పని. దురదే కదా అని తీసిపారేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

జనవరి చివర్లో మీటింగు పెట్టారు. వయసులో పెద్దావిడ, డాక్టరమ్మ, ఓపిగ్గా మాట్లాడారు. ఐవర్‌మెక్టిన్ అనే మాత్ర. మింగితే గజ్జి పురుగూ, తలలో పేలూ రెండూ చస్తాయి. కానీ గుడ్లు చావవు. అందుకని రెండు డోసులు వేసుకోవాలి. మొదటి డోసు అప్పటికి బతికున్నవాటిని చంపుతుంది, రెండోది ఆ తర్వాత గుడ్లలోంచి వచ్చినవాటిని అవి మళ్లీ గుడ్లు పెట్టకముందే చంపుతుంది. జబ్బున్న ఇంటికే ఇవ్వకుండా అందరికీ ఎందుకో కూడా చెప్పారు. ఫిజీ దీవుల్లో ఇలాగే చేసి చూశారట. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. ఊరంతటికీ ఈ మాత్ర ఇచ్చిన చోట గజ్జి నూటికి 32 మంది నుంచి ఏడాదిలో ఇద్దరి లోపుకి పడిపోయింది. జబ్బున్న ఇళ్లకే క్రీము ఇచ్చిన చోట కూడా తగ్గింది, కానీ ఏడాది తర్వాత కూడా నూటికి 19 మంది దాకా మిగిలారు. ఆ రెండో లెక్క వినగానే మా అక్టోబరు, మా నవంబరు నాకు అర్థమయ్యాయి. మేం క్రీము సరిగ్గా రాసుకోకపోవడం ఒక్కటే కాదు, మా పిల్లలు ఆడుకునే చోట అది అలాగే ఉంది.

వెనక వరసలోంచి ఒకాయన లేచి, "అది పశువులకి వేసే మందు కదా, మనకెందుకు ఇస్తున్నారు?" అని గట్టిగా అడిగారు. చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే. నాకూ భయం వేసింది. డాక్టరమ్మ దాచలేదు. నిజమే, 1981లో ముందు పశువులకే వచ్చింది, 1987 నుంచి నల్లఈగల వల్ల కళ్లు పోయే జబ్బుకి మనుషులకి ఇస్తున్నారు, ఇప్పటికి కోట్ల మంది వేసుకున్నారు, దీని వెనకున్న ఇద్దరు శాస్త్రవేత్తలకి 2015లో నోబెల్ వచ్చింది అని చెప్పారు. ఆ వెంటనే ఇంకో మాట గట్టిగా చెప్పారు: పశువుల కోసం అమ్మే సీసాలు, పేస్టులు తెచ్చుకుని ఎవరూ వాడొద్దు, అందులో మోతాదు మనిషి లెక్క కాదు. అలా ఒకరిద్దరు ఇంట్లో పెట్టుకుని ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 9. ఆదివారం. ఏడింటికి రమ్మన్నారు, మేం ఏడున్నరకి వెళ్లాం, మా వంతు వచ్చేసరికి పదిన్నర. పిల్లలతో వెళ్లేవాళ్లు నీళ్లు, ఆడించడానికి ఏదైనా తీసుకెళ్లండి. ఏదైనా తిని రమ్మని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది.

ముందు పేర్లు, తర్వాత బరువు. మోతాదు బరువును బట్టే. మిషన్ ఎక్కించడానికి చెప్పులు, స్వెటర్లు తీయించారు. నాకు 58 కిలోలు, 3 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. మా ఆయనకి 71, ఐదు మాత్రలు. అత్తయ్యకి 47, మూడు. పాపకి 26, రెండు. బాబు 11 కిలోలే. పదిహేను కిలోల లోపు పిల్లలకి మాత్ర ఇవ్వరు, క్రీము ట్యూబు ఇచ్చారు. మా ఎదురింటమ్మాయికి ఐదో నెల, తనకీ క్రీమే. నెలసరి ఎప్పుడొచ్చిందో ప్రతి ఆడమనిషినీ పక్కకి పిలిచి అడిగారు. తెర వెనక అడిగారు, అది నాకు నచ్చింది. ఏమేం మందులు వాడుతున్నారో కూడా అడిగారు. రక్తం పలచబడే మందు వాడే ఒక పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టి డాక్టరమ్మ విడిగా మాట్లాడారు. మీరు రోజూ వేసుకునే మాత్రల అట్టలు తీసుకెళ్లండి, పేర్లు గుర్తుండవు.

మాత్రలు ఇంటికి ఇవ్వరు. వాళ్ల ముందే మింగాలి. నోరు తెరిచి చూపించమన్నారు. కొంతమందికి అది అవమానంగా అనిపించింది. నాకు అనిపించలేదు. పక్కింటివాళ్లు నిజంగా మింగారని తెలియడమే నాకు కావాల్సింది.

అక్కడ ఇంకో సంగతి గమనించాను. వరసలో నిలబడ్డవాళ్లంతా మొదట చేతులు చీర కొంగుల్లో, జేబుల్లో దాచుకున్నారు. ఎండ ఎక్కేకొద్దీ ఒక్కొక్కరే బయటికి తీశారు. ఒకావిడ తన మోచేయి చూపిస్తూ నాతో "మీకూ ఇక్కడేనా?" అంది. ఆ ఊళ్లోనే ఉంటూ ఆరేళ్లలో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి.

మామ్మగారి సంగతి అప్పుడే బయటపడింది. మా పక్కింటి మామ్మగారు నడవలేరు. వరసకి రాలేదు కాబట్టి నర్సమ్మే బరువు మిషన్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. నేను తోడు వెళ్లాను. దుప్పటి తీసి చెయ్యి చూడగానే నర్సమ్మ ఆగిపోయింది. వేళ్ల సందుల నిండా బూడిదరంగు పొలుసులు, ఎండిన సున్నం పెచ్చుల్లా. గోళ్లు మందంగా పైకి లేచిపోయాయి. ఇంట్లోవాళ్లు ముసలితనం వల్ల చర్మం ఎండిపోయిందనుకుని రోజూ నూనె రాస్తున్నారు. మామ్మగారికి పెద్దగా దురదే లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మామూలుగా గజ్జి వచ్చినవాళ్ల ఒంటి మీద పది పదిహేను పురుగులుంటాయట. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినవాళ్లకి ఇలా పెచ్చులు కట్టే రకం వస్తే వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో ఉంటాయి. రాలిన పొలుసులోంచి కూడా అంటుకుంటుంది.

మా బాబు రోజూ మధ్యాహ్నం నిద్రపోయేది ఆవిడ ఒళ్లోనే.

నేను నిలబడిపోయాను. ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియదు. మామ్మగారు మా ముఖాలు చూసి, "నా వల్లేనా అమ్మా పిల్లాడికి?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. నర్సమ్మే పక్కన కూర్చుని ఆ చేతిని గ్లవుజు వేసుకున్న చేత్తో పట్టుకుని, "మీకెవరో అంటించారు మామ్మా, మీరు ఎవరికీ కావాలని ఇవ్వలేదు" అంది. ఆవిడకి రెండు డోసులు చాలవు. 1, 2, 8, 9, 15 రోజుల్లో మాత్రలు, మధ్య మధ్యలో ఒళ్లంతా క్రీము, పెచ్చులు మెత్తబడే లేపనం. అన్ని రోజులూ విడి గది, విడి పక్క.

మా ఇంట్లో ఆ రోజు సాయంత్రం నాకు తల బరువెక్కి కొంచెం తిరిగింది, పడుకుంటే పొద్దునకి పోయింది. మా ఆయనకి ఏం కాలేదు. రెండో రాత్రి, మూడో రాత్రి దురద తగ్గకపోగా పెరిగింది. ఇది ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాం. చెప్పకపోతే మందు పని చేయలేదని నేను మళ్లీ క్రీము రాసేదాన్నే. పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలోనే ఉంటాయి, చర్మం వాటి మీద కోపం చూపిస్తూనే ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల దాకా దురద ఉండొచ్చు. మాటిమాటికీ క్రీము రాస్తే ఆ మంట వల్ల ఇంకా గోక్కుంటారు.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి: మూడో రోజు పాపకి విరేచనంలో ఏలిక పాములు పడ్డాయి. కెవ్వుమని అరిచింది. నర్సమ్మకి ఫోన్ చేస్తే, ఈ మందుకి కడుపులో నులిపురుగులు కూడా కొన్ని రకాలు పడిపోతాయనీ, కంగారు లేదనీ చెప్పింది. సాయంత్రానికి ఆ కబురు వాడంతా పాకింది. మొదటి రోజు రానివాళ్లు నలుగురు దానివల్లే మర్నాడు వెళ్లి వేసుకున్నారు.

తలలో సంగతి. రెండో రోజు దువ్వితే పేలన్నీ కదలకుండా తెల్లగుడ్డ మీద పడ్డాయి. పాప వాటిని లెక్కపెట్టింది, 61. కానీ ఈపులు జుట్టుకి అంటుకునే ఉన్నాయి. ఎనిమిదో రోజు ఒక చిన్న పేను, గసగసం గింజంత, చెవి వెనక పాకుతూ కనిపించింది. నా గుండె జారిపోయింది. అన్నీ మళ్లీ మొదలయ్యాయనుకున్నాను. ఈపి నుంచి పేను రావడానికి వారం పది రోజులు పడుతుంది, రెండో డోసు దీని కోసమే అని గుర్తు తెచ్చుకోవడానికి నాకు పూట పట్టింది. తలకి దగ్గరగా అంటుకున్న ఈపులే లెక్క, పావు అంగుళం కంటే దూరంగా వెంట్రుక మీద ఉన్నవి చాలావరకు ఖాళీ గుల్లలే అని కూడా తెలిసింది. ఆ గుల్లల కోసం నేను పిల్ల మెడ విరిచేంత పని చేశాను ఇన్నాళ్లూ.

ఉతుకుడు గురించి. మొదటి రెండుసార్లు ఇల్లంతా బట్టలు ఉడకబెట్టి, పరుపులు ఎండలో వేసి, నడుము పడిపోయి రెండు రోజులు పనికి సెలవు పెట్టాను. ఈసారి వాళ్లు చెప్పింది తేలిక. గత మూడు రోజుల్లో కట్టిన బట్టలు, పక్కదుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టాలి. మనిషి ఒళ్లు దొరక్కపోతే గజ్జి పురుగు రెండు మూడు రోజులకి, పేను ఒకటి రెండు రోజులకి చస్తుంది. మేం వారం పెట్టాం, మామ్మగారిల్లు పక్కనే కదా అని. పాప గుడ్డబొమ్మ కూడా సంచిలోకి వెళ్లింది. రోజూ పొద్దున సంచి దగ్గరికెళ్లి బొమ్మతో మాట్లాడి వచ్చేది.

రెండో డోసు ఫిబ్రవరి 19న, పది రోజులకి. పనిరోజు. మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామంది రాలేదు. దురద తగ్గుముఖం పట్టింది కదా, ఇంకెందుకు అని. అప్పుడు నేనూ రిజిస్టరు పట్టుకుని నర్సమ్మతో తిరిగాను. ఎవరూ అడగలేదు, నాకే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. రాత్రి డ్యూటీ చేసేవాళ్ల కోసం పొద్దున ఆరింటికి, పనికి పోయేవాళ్ల కోసం రాత్రి తొమ్మిది దాకా. తలుపు కొట్టి "మా పాప తలలో ఎనిమిదో రోజు మళ్లీ కనపడింది" అని చెబితే చాలు, చాలామంది కదిలారు. ఒక ఇంట్లో పెద్దాయన మొదటిసారి "మాది శుభ్రమైన ఇల్లు" అని పంపించేశారు. అదే మాట అక్టోబరులో నేను అన్నాను కాబట్టి ఆయన మీద కోపం రాలేదు. నా మణికట్టు మీద మచ్చలు చూపించి, సిరా గీత సంగతి చెప్పాను. ఆయన ఏం మాట్లాడలేదు. సాయంత్రం కోడల్నీ మనవరాల్నీ తీసుకుని వచ్చి మింగి వెళ్లారు. ఇంకో ఇల్లు మాత్రం చివరిదాకా తలుపు తీయలేదు. ఆ ఇంటి పిల్లలు మా పిల్లలతోనే ఆడుకుంటారు. ఆ దిగులు నాకు ఇంకా ఉంది.

మార్చి 10వ తేదీ ప్రాంతంలో ఒకరోజు రాత్రి మెలకువ వచ్చి పడుకుని వింటున్నాను. ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేదు. బాబు పాదాలు కదలట్లేదు. మా ఆయన్ని లేపి చెబుదామనుకుని, లేపకుండా అలాగే పడుకున్నాను.

బాబు చంకలో, పొట్ట దగ్గర రెండు మూడు గట్టి బుడిపెలు మిగిలిపోయాయి. పురుగు లేకపోయినా ఇవి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయని డాక్టరమ్మ చూసి చెప్పారు. మే నెలలో బృందం మళ్లీ వచ్చి చూసినప్పుడు ఒకటే మిగిలింది. మా వైపు నాలుగు వీధుల్లో కొత్తగా రెండిళ్లలో కనిపించింది, వాళ్లకి అక్కడికక్కడే మందు ఇచ్చారు. పాప తలలో ఏమీ లేదు. అత్తయ్యే రోజూ జడ వేస్తున్నారు.

మామ్మగారికి ఏప్రిల్ మొదటి వారంలో పూర్తిగా తగ్గిందని చెప్పారు. ఆ మధ్యాహ్నం బాబుని తీసుకుని వెళ్లాను. వాడు గడప దాటగానే పరుగెత్తి మంచం ఎక్కబోయాడు. మామ్మగారు రెండు చేతులూ వెనక్కి దాచేసుకున్నారు. నేను మంచం పక్కన కూర్చుని ఒక చెయ్యి ముందుకు తీసుకుని, ఒక్కో వేలి సందూ వెలుతురుకి పట్టి చూశాను. చర్మం పల్చగా, గులాబీ రంగులో ఉంది. రెండో చెయ్యి ఆవిడే ఇచ్చారు. ఈలోగా వాడు ఒళ్లోకి చేరిపోయాడు.